ఫిర్యాదు వినే పోలీసు కోసం మళ్ళీ 'ఉడాన్'

పాత దూరదర్శన్ ధారావాహికల్లో ఈ రోజుకూ కూర్చుని చూడదగినది ఏదని అడిగితే, తడుముకోకుండా 'ఉడాన్' అంటాను. 1989లో మొదలైన ఆ హిందీ ధారావాహికను రాసి, దర్శకత్వం వహించి, అందులో పోలీసు అధికారి కల్యాణీ సింగ్‌గా నటించింది కవితా చౌధరి. సర్ఫ్ ప్రకటనలో లలితాజీగా ఇంటింటికీ తెలిసిన మనిషే. కథకు ఆధారం ఆమె అక్క కంచన్ చౌధరి భట్టాచార్య జీవితం. కిరణ్ బేదీ తర్వాత ఐపీఎస్‌కు వచ్చిన రెండో మహిళ ఆవిడ, 1973 బ్యాచ్. 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు. దేశంలో ఏ రాష్ట్రంలోనైనా ఆ పదవికి చేరిన తొలి మహిళ ఆవిడే. 2019లో అక్క, 2024లో చెల్లెలు కన్నుమూశారు.

ఆ రోజుల్లో మా అనంతపురంలో మేడెక్కి యాంటెన్నా తిప్పితే గాని బొమ్మ నిలిచేది కాదు. హిందీ మాకు సగమే అందేది. తక్కిన సగం పక్కింటి చాచీ తెలుగులో చెప్పేవారు. ఇప్పుడు ఫోనులో ఆ భాగాలు చూస్తుంటే చిన్నతనం గుర్తుకు రావడం సహజమే. కానీ నన్ను పట్టి కూర్చోబెడుతున్నది అది కాదు.

కంచన్ పోలీసు శాఖలోకి రావడానికి కారణం ఒక ఆస్తి తగాదా. అందులో తండ్రి దెబ్బలు తిన్నారు, కేసు రాసుకోవడానికి పోలీసులు వెనకాడారు. ఈ ఒక్క సంగతి చాలు, ఆ కథ మా జిల్లాదే అనిపించడానికి. సోమవారం ఉదయం ఎస్పీ కార్యాలయం ముందు నిలబడి చూడండి. ప్లాస్టిక్ కవరులో పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సులు, అడంగల్ కాపీ, పాత అర్జీలు నాలుగైదు పెట్టుకుని పల్లెల నుంచి వచ్చినవారు కనిపిస్తారు. వారిలో చాలామంది స్టేషన్లో విని వచ్చిన మాట ఒకటే: "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి." గట్టు దగ్గర తల పగిలాక అది సివిల్ తగాదా ఎలా అవుతుంది? మా బంధువు ఒకాయనను ఇలాగే తలకు కట్టుతో సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం జరిగినట్టు ఫిర్యాదులో ఉంటే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలన్నది అంతకన్నా పాత నిబంధన.

'ఉడాన్' తర్వాత మనకు ఫ్యాక్షన్ సినిమాలు వచ్చాయి. కర్నూలు, కడప, అనంతపురం పేర్లు చెప్పి వందల కత్తులు, నాటు బాంబులు చూపించారు. వాటిలో పోలీసు అయితే నాయకుడి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు, లేకపోతే ఒంటిచేత్తో యాభై మందిని కొడతాడు. ఇద్దరిలో ఎవరూ కాగితం మీద ఫిర్యాదు రాసుకోరు. నిజంగా కక్షల్లో మగవాళ్ళను పోగొట్టుకున్న ఇళ్ళల్లోని ఆడవాళ్ళకు కావలసింది ఆ కొట్టే పోలీసు కాదు. సాక్షి భయపడకుండా చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాసి, కోర్టులో నిలబెట్టేవాడు కావాలి. అలాంటి ఉద్యోగిని తెర మీద చూసే అలవాటే మనకు పోయింది. ఎన్‌కౌంటర్ జరిగిందనగానే పూలు చల్లేంత దూరం వచ్చేశాం.

కల్యాణి యూనిఫాం ఎదుటివాణ్ణి భయపెట్టడానికి వేసుకున్నట్టు ఉండదు. ఆడపిల్లను తక్కువగా చూసే ఇంట్లో పెరిగి, తండ్రి అండతో చదివి, కష్టపడి సంపాదించుకున్నదది. తండ్రిగా విక్రమ్ గోఖలే, కలెక్టరుగా శేఖర్ కపూర్ ఇద్దరూ గొంతు పెంచకుండా నటించారు. ఒక నిజాయితీపరురాలు వస్తే వ్యవస్థ దారికి వస్తుందన్న నమ్మకం మాత్రం ఈ ధారావాహికలో కాస్త ఎక్కువే. ఒక్క బదిలీ ఉత్తర్వుతో ఎంత పని ఆగిపోతుందో మా జిల్లాలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. 1989లో ఎంతమంది ఆడపిల్లలు దాన్ని చూసి ఖాకీ కోరుకున్నారో!

ప్రసార భారతి దీన్ని చక్కని తెలుగులో డబ్బింగ్ చేయించాలి. అనంతపురంలోనే పోలీసు శిక్షణ కళాశాల ఉంది. కొత్తగా చేరే ఎస్సైలకు చట్టం పాఠాలతో పాటు వారానికి ఒక భాగం చూపించి, ఆ మర్నాడు తరగతిలో దానిపై చర్చ పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.