భీమిలి గోడకు సిమెంటు పూయకండి

భీమునిపట్నం పాత ఫొటో ఒకటి ఫోన్లలో తిరగడం మొదలైతే చాలు, విశాఖ నుంచి అమెరికా దాకా నిట్టూర్పులు వినిపిస్తాయి. తీరాన తెల్లటి లైట్‌హౌస్, గంటస్తంభం, వరండా బంగళాలు, సరుగుడు తోటలు, ఇసుక మీదికి లాగిన పడవలు. ఏవి ఆ రోజులు అని అందరూ అడుగుతారు. ఆ బెంగ మాకూ ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. కానీ పోయినవాటి గురించి బాధపడుతూ ఉండగానే, మిగిలినవి బాగుచేత పేరుతో పోతున్నాయి. ఈ రోజు మా మాట ఆ బాగుచేత గురించే.

భీమిలి ఎందుకు మిగిలిందో ముందు తెలుసుకోవాలి. 17వ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. డచ్చివారిని మన పెద్దలు వలందులనేవారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఆ మాటను మోస్తోంది. డచ్చివారికీ ఇంగ్లిషువారికీ మధ్య 1824లో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఊరు ఇంగ్లిషువారి చేతికొచ్చింది. 1861 నాటికే పురపాలక సంఘం ఏర్పడింది. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే, మసూలా పడవలు కెరటాల మీదుగా సరుకు చేరవేసేవి. ఆ పడవల్లో మేకన్నది ఉండదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం తగిలినప్పుడు పలక విరగకుండా కాస్త వంగి ఊరుకునేది. ఇక్కడి నుంచి వెళ్లిన గోగునారకు ప్రపంచ మార్కెట్లో ‘బిమ్లీ జూట్’ అనే పేరు స్థిరపడింది. తోళ్లు పదును చేయడానికి వెళ్లిన కరక్కాయలను ఆ వ్యాపారంలో ‘బిమ్లీలు’ అనే పిలిచేవారు. ఈ కరక్కాయ దగ్గరికి మళ్లీ వస్తాం.

1890ల్లో వేసిన తూర్పు తీర రైలుమార్గం విజయనగరం మీదుగా పోయింది, భీమిలికి రాలేదు. 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది. వ్యాపారం అటు తరలిపోయింది. ఆ తర్వాత పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఊళ్లో చాలాకాలం తిరగలేదు కాబట్టే ఆ గోడలు మనదాకా వచ్చాయి. ఇప్పుడు బీచ్ రోడ్డు వెంట డబ్బు వస్తోంది. చిట్టివలస జూట్ మిల్లు మూతపడింది, భీమిలి మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది, స్థలాల ధర గజాల్లో మాట్లాడుకునే కాలం వచ్చింది. పాత ఇల్లు ఉన్నవాళ్లు పడగొట్టడమో, సిమెంటు పూయించి రంగు వేయించడమో చేస్తున్నారు. రెండోది మంచిదనుకుంటారు. పదేళ్లు ఆగి చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు.

సముద్రపుటొడ్డున సిమెంటు పూసిన ఏ పాత ఇటుక గోడ దగ్గరికైనా వెళ్లి చూడండి. సందుల్లో నింపిన సిమెంటు గట్టిగా, నల్లగా, ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మధ్యలో ఇటుక మాత్రం లోపలికి గుంటపడి ఉంటుంది. మొత్తం గోడ ఖాళీ తేనెపట్టులా ఉంటుంది. వేలితో తాకితే ఎర్రపొడి రాలుతుంది. ఆ పొడిని నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉంటుంది. జరిగిందేమిటంటే, పాత ఇటుక మెత్తనిది, చెమ్మను పీలుస్తుంది. నేలలోంచీ గాలిలోంచీ వచ్చిన ఉప్పునీరు ఇదివరకు సున్నపు సందుల్లోంచి బయటికొచ్చి ఆరిపోయేది. ఉప్పు సున్నం మీద పేరుకునేది, సున్నం రాలేది, ముప్పై నలభై ఏళ్లకోసారి మేస్త్రి వచ్చి సందులు మళ్లీ నింపేవాడు. అంటే అరిగిపోవాల్సింది సున్నం, నిలవాల్సింది ఇటుక. సిమెంటు పూసేసరికి నీటికి ఆ దారి మూసుకుపోయింది. అది ఇటుకలోంచే బయటపడాలి. నీరు ఆరేచోట ఉప్పు గడ్డకడుతుంది, ఆ గడ్డ ఉబ్బి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. పైన ప్లాస్టిక్ పెయింట్ కూడా వేస్తే చెమ్మ లోపలే చిక్కి, ఒక వానాకాలానికే పూత బొబ్బలెక్కుతుంది. అప్పుడు ఇంటివారు ‘పాత గోడ కదా, ఇంక పనికిరాదు’ అంటారు. గోడది తప్పు కాదు.

ఆ గోడలను కట్టింది డంగు సున్నంతో, అంటే ఇసుకతో కలిపి రుబ్బిన సున్నంతో. కోస్తాలో దానికి గుల్ల సున్నం వాడేవారు. సముద్రపు గవ్వలు, నత్తగుల్లలు బట్టీలో కాల్చి తీసింది. ఈ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు కనుక పద్ధతి రాస్తున్నాం. అలా కాల్చిన సున్నానికి నీళ్లు కలిపితే కుతకుత ఉడికి ముద్దవుతుంది. చేతులూ కళ్లూ జాగ్రత్త. కంట్లో పడితే చూపు పోగలదు. ఆ ముద్దను గుంటలో నీళ్లు నిలిపి కనీసం నాలుగు వారాలు మాగబెట్టాలి, మూడు నెలలైతే ఇంకా మేలు. తొందరపడి వాడితే ఉడకని పలుకులు గోడలో కూర్చుని, ఆనక చెమ్మ తగిలి పగిలి, గార మీద బుడిపెలు లేస్తాయి. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్లు ఇసుక, అందులో కొంత ఇసుకకు బదులు మెత్తగా దంచిన ఇటుకపొడి. ఇసుక ఏటిది కావాలి, సముద్రపుది పనికిరాదు. ఉప్పును మనమే గోడలోకి ఎక్కించినట్టవుతుంది. గుండ్రటి డంగులో ఎడ్లు రాతిచక్రాన్ని తిప్పి రుబ్బేవి, ఇప్పుడు మోటారు రోలు ఆ పని చేస్తుంది. కరక్కాయలు నలగ్గొట్టి నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. బెల్లం మోతాదు మించితే గార గట్టిపడటం ఆలస్యమవుతుంది కాబట్టి ముందు చేతి వెడల్పు చోట పూసి, ఆరనిచ్చి చూసుకోవాలి. ఓడలకెక్కిన కరక్కాయే ఊళ్లో గోడలకూ ఎక్కింది.

పూయడంలోనే ఎక్కువ పనులు చెడతాయి. పాత సిమెంటును ఉలితో, చేత్తో తీయాలి. గ్రైండరు పెడితే ఇటుక అంచులు తెగిపోతాయి. సందును దాని వెడల్పుకు రెండింతల లోతు దాకా శుభ్రం చేసి, గోడను ముందురోజే తడపాలి. పొడి ఇటుక గారలోని నీటిని లాగేసుకుంటే అది గట్టిపడదు, పిండిలా రాలుతుంది. ఒక్కో పూత పది మిల్లీమీటర్లు దాటకూడదు. పూత మీద తడి గోనెపట్టా వేలాడదీసి కనీసం వారం రోజులు చెమ్మ ఆరకుండా చూడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది, దానికి నెలలు పడుతుంది. చివర ప్లాస్టిక్ రంగులొద్దు, వెల్ల వేస్తే చాలు.

భీమిలిలో మిగిలిన డచ్చివారి సమాధుల విషయం ఇంకా సున్నితం. రాతి మీద చెక్కిన అక్షరాలు శతాబ్దాల తరబడి ఉప్పుగాలిని తట్టుకున్నాయి, ఒక్క పూట ఇనుప బ్రష్షును తట్టుకోలేవు. యాసిడ్ అసలే వద్దు. మెత్తని బ్రష్షు, మంచినీళ్లు, ఓపిక, అంతే. ఉప్పు పొటమరించిన రాతికి తడి కాగితపు గుజ్జును వేలి మందాన పట్టించి, పూర్తిగా ఆరాక ఊడదీయాలి. ఆరుతూ అది ఉప్పును లాక్కుంటుంది. ఇలా నాలుగైదుసార్లు చేయాలి. పగుళ్లలో మొలిచిన రావి మొక్కను పైపైన నరికితే ఏడాదికి రెట్టింపు బలంతో వస్తుంది. వేరు దాకా తీసి, ఆ సందును వెంటనే సున్నంతో పూడ్చాలి. వేరు లావెక్కితే మాత్రం పీకొద్దు, గోడ దానితోపాటు వస్తుంది. మొదలు నరికి, వేరు లోపలే చచ్చేలా మందు పెట్టాలి. పాత ఇనుప కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బి రాళ్లను చీలుస్తాయి. వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టాలి.

తీరం సంగతి ఒక్క మాటలో. గోస్తని నదికి ఎగువన తాటిపూడి దగ్గర ఆనకట్ట ఉంది. నీటితో పాటు ఇసుకా కొంత అక్కడే ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఒడ్డున చెట్లనెన్నిటినో కూల్చింది. ఎర్రమట్టి దిబ్బల అంచున మట్టి తవ్వితే అది తిరిగి పేరుకోవడానికి మనిషి ఆయుష్షు చాలదు. ఒక్కోటీ విడి సంపాదకీయానికి తగిన విషయమే.

నగరపాలక సంస్థను మేం కోరేది పెద్ద పథకం కాదు. ముందు భీమిలిలో సున్నపు గోడలున్న ప్రతి కట్టడాన్నీ, ప్రైవేటు ఇళ్లతో సహా, వీధివారీగా రాసుకోండి. మరమ్మతు ఎస్టిమేటులో సిమెంటు ప్లాస్టరింగ్ తీసేసి డంగు సున్నాన్ని విడి పనిగా చూపండి. లేకపోతే తక్కువ ధరకు టెండరు పాడినవాడు సిమెంటే పూస్తాడు, అతన్ని అని లాభం లేదు. సున్నం పని చేతిలో ఉన్న పెద్ద మేస్త్రీల పక్కన పదిమంది కుర్రాళ్లను ఏడాదిపాటు కూలి ఇచ్చి నిలబెట్టండి. పాత ఇంటిని సున్నంతో బాగుచేయించుకునే యజమానికి ఆస్తిపన్నులో కొంత మినహాయించండి. సిమెంటు కంటే ఖర్చూ రోజులూ ఎక్కువ పట్టే పనిని ఊరి కోసం చేయమని ఉత్తినే అడగడం న్యాయం కాదు.

ఇక నిధుల వేళ. డబ్బు జనవరిలో విడుదలై మార్చి 31లోగా బిల్లు పెట్టాలంటే ఏ ఇంజినీరైనా సిమెంటు వైపే చూస్తాడు. సున్నానికి ఆ తొందర పనికిరాదు. తుపానుల కాలం దాటాక, ఎండ ముదరకముందు, అంటే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా పూతకు అనువైన రోజులు. ఆ రోజులకు సున్నం మాగి ఉండాలంటే గుంట దసరాకే తవ్వాలి.