‘స్కీ రిసార్టుల్లో దొంగతనాలు జరగవు’ అనే ఆ మెసేజ్‌కి నా జవాబు

చలికాలం వస్తే చాలు, అమెరికాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఈసారి నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. సారాంశం ఇది: “స్కీయింగ్‌కి వెళ్తున్నారా? సామాను గురించి టెన్షన్ వద్దు. రిసార్టులకు వచ్చేది డబ్బున్నవాళ్లు, మీ స్కీలు ఎవరూ ముట్టుకోరు. టికెట్ స్కాన్ కానిదే గేటు తెరుచుకోదు, అంతటా కెమెరాలుంటాయి. తాళం కొనడం దండగ, కట్టర్ ఉంటే రెండు సెకన్ల పని. ఒకవేళ పోయినా ఇన్సూరెన్స్ ఇస్తుంది. మరీ భయమైతే ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఆపిల్ బిళ్ల) అంటించండి. పోలీసుల దగ్గరికి వెళ్తే టైమ్ వేస్ట్.”

రెండేళ్ల కిందట నేనూ దాదాపు ఇలాగే అనుకునేవాడిని. మధ్యాహ్నం లాడ్జ్ (రిసార్టులో తినడానికి, కూర్చోవడానికి ఉండే భవనం) బయట, సామాను నిలబెట్టే ర్యాక్‌లో నా స్నోబోర్డు ఆనించి లోపలికి వెళ్లాను, నలభై నిమిషాల్లో తిరిగొచ్చేసరికి అది లేదు. మొదట దొంగతనం అన్న ఆలోచనే రాలేదు, ఎక్కడ పెట్టానో నేనే మర్చిపోయానేమో అని అన్ని ర్యాకులూ రెండేసి సార్లు తిరిగాను. రెండు సీజన్లు అద్దె బోర్డుతో నెట్టుకొచ్చి, డబ్బు కూడబెట్టి కొనుక్కున్న నా మొదటి సొంత బోర్డు అది. అందుకే ఈ మెసేజ్ చూసి ఊరుకోలేకపోతున్నాను, ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

“వచ్చేది డబ్బున్నవాళ్లు, ఎవరూ ముట్టుకోరు.” టికెట్ కావాల్సింది కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ ఎక్కడానికే. పార్కింగ్ లాట్ నుంచి లాడ్జ్ దాకా, ర్యాకుల దాకా ఎవరైనా నడిచి రావచ్చు, ఆపేవాళ్లు ఉండరు. అసలు చిక్కు వేరే ఉంది. కొట్లోంచి ఎవరైనా టీవీని భుజాన వేసుకుని బయటికి నడిస్తే పదిమంది తలతిప్పి చూస్తారు. స్కీలు భుజాన వేసుకుని పార్కింగ్ వైపు నడిచే మనిషిని ఎవరూ చూడరు, ఎందుకంటే అక్కడ అందరూ చేసే పనే అది. దొంగ దాక్కోనక్కర్లేదు, పరుగెత్తనక్కర్లేదు, తాపీగా నడిచి వెళ్లిపోతాడు. దీనికి మన గుంపుల పద్ధతి ఇంకా తోడవుతుంది. మూడు కార్లలో పన్నెండు మందిమి వెళ్తాం, ఆకలేయగానే పిల్లల్ని పట్టుకుని, పులిహోర డబ్బాలు, ఫ్లాస్కులు తీసుకుని లోపల టేబుల్ వెతుక్కుంటాం, బయట పన్నెండు మంది సామాను ఒకే కుప్పగా పడి ఉంటుంది, వేరేవాళ్లెవరో చూస్తున్నారులే అని ఎవరికి వాళ్లే అనుకుంటాం.

ఇంకోటి, పోయిన ప్రతిదీ దొంగతనం కాదు. అద్దె స్కీలు అన్నీ ఒకే రంగు, ఒకే మోడల్. పొరపాటున వేరేవాళ్లవి తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. ఇది సామాను నష్టంతో ఆగే విషయం కాదు, ఎందుకంటే స్కీ బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత బలానికి ఊడి కాలిని వదలాలో మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి షాపువాళ్లు బిగిస్తారు. నలభై కిలోల అమ్మాయి ఎనభై కిలోల మనిషి స్కీలు వేసుకుంటే పడ్డప్పుడు అవి ఊడకపోవచ్చు, మోకాలికి దెబ్బ. అద్దెవాటికి ఒక రంగు టేపు చుట్టండి, వాటి మీదుండే నంబరు స్టిక్కర్‌ని ఫొటో తీసుకోండి. కనబడకపోతే ముందు రెంటల్ షాపులోనూ, లాస్ట్ అండ్ ఫౌండ్‌లోనూ అడగండి, సాయంత్రం దాకా ఆగి మళ్లీ అడగండి.

“గేట్లు, కెమెరాలు ఉన్నాయి.” మన జాకెట్ జేబులో ఉండే పాస్‌ని గేటు చదువుతుంది. దాంతో తెలిసేది పాస్ ఎవరిదన్నది మాత్రమే, ఆ మనిషి కాళ్ల కింద ఉన్న బోర్డు ఎవరిదో గేటుకి తెలియదు. పైగా దొంగకి లిఫ్ట్‌తో పనేముంది? అతను వెళ్లేది కారు వైపు. ఇక కెమెరాలు. హెల్మెట్, గాగుల్స్, ముక్కు దాకా మాస్కు, ఉబ్బెత్తు జాకెట్. ఆ వేషంలో నా సొంత తమ్ముణ్ని నేను గుర్తుపట్టలేక వేరేవాళ్లని పిలిచిన రోజులున్నాయి. కెమెరాలో అలాంటి మనిషి కనబడితే ఎవరని చెప్తారు? టైమ్ తెలుస్తుంది, ఎటు వెళ్లాడో తెలియొచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

“తాళం దండగ.” అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. జేబులో పట్టే సన్న కేబుల్ తాళాన్ని మంచి కట్టర్ తెంపేస్తుంది, కాదనను. మూడంకెల కాంబినేషన్ అయితే మొత్తం వెయ్యే, ఓపికున్నవాడు కూర్చుని తిప్పితే తెరుచుకుంటుంది. కానీ ర్యాక్ దగ్గరికి వచ్చే దొంగ కట్టర్ పట్టుకుని వస్తున్నాడా అన్నది అసలు ప్రశ్న. అతని ధైర్యమంతా మామూలు మనిషిలా కనబడటంలోనే ఉంది. కట్టర్ బయటికి తీసిన క్షణం, లేదా కూర్చుని అంకెలు తిప్పడం మొదలుపెట్టిన క్షణం అతను మామూలు మనిషి కాడు. పక్క ర్యాక్‌లో తాళం లేని బోర్డులు వరసగా ఉండగా మీ కేబుల్‌తో కుస్తీ పట్టాల్సిన అవసరం అతనికేంటి? తాళం దొంగతనాన్ని అసాధ్యం చేయదు, తాపీగా ఎత్తుకుపోయే పనిని అందరి కళ్లలో పడే పనిగా మారుస్తుంది, మనకి కావాల్సింది అదే.

తాళం వేసే పద్ధతి కూడా తెలియాలి. స్నోబోర్డు చుట్టూ ఉత్తినే కేబుల్ చుడితే బోర్డు అందులోంచి జారిపోతుంది. మడమ దగ్గర బైండింగ్‌కి ఉండే వంకీలోంచి కేబుల్ దూర్చి, ర్యాక్‌లో కదలని కడ్డీకి బిగించాలి. స్కీలనైతే అడుగులు ఎదురెదురుగా జతచేసి, ముందు బైండింగ్‌కీ వెనక బైండింగ్‌కీ మధ్య చుట్టండి, అప్పుడు ఎటూ జారదు. నలుగురు కలిసి వెళ్తే నాలుగు బోర్డులకీ ఒకే పొడవాటి కేబుల్ సరిపోతుంది.

స్కీలు ఉన్నవాళ్లకి అసలు పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది, అక్కడి పాతకాపులు ఎప్పటినుంచో చేసేదే: జతను విడదీయండి. మీ ఎడమ స్కీని మీ ఆవిడ కుడి స్కీతో కలిపి ఒక ర్యాక్‌లో, మిగతా రెండూ ముప్పై అడుగుల దూరంలో ఇంకో ర్యాక్‌లో. జత కుదరని స్కీలు ఎవరికీ పనికిరావు, తొందరలో ఉన్న దొంగ రెండోదాన్ని వెతుకుతూ తిరగడు. స్నోబోర్డుకి ఈ వీలు లేదు, అది ఒక్కటే పలక, ఎత్తుకుంటే మొత్తం పోయినట్టే. అందుకే బోర్డు వాళ్లకి తాళం మరీ ముఖ్యం. డబ్బు కట్టి సామాను అప్పజెప్పే స్కీ చెక్ చాలా రిసార్టుల్లో ఉంటుంది, కొత్త బోర్డుకి అది నిజంగా మేలు. చాలా రెంటల్ షాపులు తమ సామానును రాత్రికి తమ దగ్గరే ఉంచుకుంటాయి కూడా, అడగడమే ఆలస్యం.

కారు సంగతి ఆ మెసేజ్‌లో అసలు లేనే లేదు. సియాటిల్ వైపు ఉండే మాబోటివాళ్లం స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దగ్గరి స్కీ రిసార్టు నుంచి దిగుతూ బెల్లెవ్యూలో బిర్యానీకి ఆగుతాం, గంటసేపు స్కీలన్నీ కారు పైన ర్యాక్ మీదే ఉంటాయి. యాకిమా, థూలే లాంటి ర్యాకులకు తాళం పెట్టుకునే వీలుంటుంది, కొన్ని మోడళ్లకు ఆ తాళం విడిగా కొనాలి. చాలామంది కొనరు, కొన్నవాళ్లూ వేయడం మర్చిపోతారు. రాత్రి హోటల్లో ఆగితే మాత్రం సామాను కారు మీద వదలకండి, గదిలోకి తెచ్చేసుకోండి.

“ఇన్సూరెన్స్ ఇస్తుంది.” ఏ ఇన్సూరెన్స్? అద్దెకి తీసుకునేటప్పుడు కొంచెం అదనంగా కట్టించుకునే డ్యామేజ్ వేవర్ చాలాచోట్ల విరిగితే, గీతలు పడితే వర్తించేది, దొంగతనాన్ని బయటే ఉంచేవి ఎన్నో ఉన్నాయి. సంతకం పెట్టే కాగితంలో ‘పోయినా, దొంగిలించబడినా పూర్తి ధర అద్దెకి తీసుకున్నవాళ్లదే’ అన్న వాక్యం ఉందేమో చదవండి. వెనక క్యూలో ముప్పై మంది ఉంటారు, అయినా సరే చదవండి. సొంత సామానుకి రెంటర్స్ పాలసీ (అద్దె ఇంట్లో ఉండేవాళ్లు తీసుకునే ఇన్సూరెన్స్) సాధారణంగా ఇంటి బయట జరిగిన దొంగతనాన్నీ కవర్ చేస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఐదు వందలో వెయ్యో డాలర్ల డిడక్టిబుల్ ఉంటుంది, అంటే నష్టంలో ముందు ఆ మేరకు మనమే భరించాలి. ఏడు వందలకి కొన్న బోర్డు, మూడేళ్లు వాడారు, పాలసీ వాడకం తరుగు తీసేసి లెక్కగట్టే రకం అనుకోండి, దాని విలువ నాలుగు వందలకి దిగుతుంది, ఐదు వందల డిడక్టిబుల్ పోతే మీకు వచ్చేది సున్నా. పైగా క్లెయిమ్ వేసిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీలు చూసే రికార్డులో ఏడేళ్ల దాకా ఉండొచ్చు. కొత్తగా కొన్నదైతే మీ క్రెడిట్ కార్డులో పర్చేజ్ ప్రొటెక్షన్ (ఆ కార్డుతో కొన్న వస్తువు పోతే డబ్బు ఇచ్చే సదుపాయం) ఉందేమో చూడండి, ఉన్న కార్డుల్లో సాధారణంగా కొన్నాక 90 నుంచి 120 రోజుల వరకు వర్తిస్తుంది. వీటిలో ఏది అడిగినా ముందు కావాల్సింది పోలీసు రిపోర్టు, దాన్నేమో అదే మెసేజ్ టైమ్ వేస్ట్ అంటోంది.

“ఎయిర్‌ట్యాగ్ చాలు.” పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటున్నాను. కానీ అది దొంగని ఆపదు, పోయాక జాడ చెప్తుంది, అంతే. దానికి సొంతంగా జీపీఎస్ లేదు, దగ్గర్లో ఎవరిదో ఐఫోన్ ఉంటేనే అది ఎక్కడుందో తెలుస్తుంది. రిసార్టులో వేల ఫోన్లుంటాయి కాబట్టి అక్కడ బాగా పనిచేస్తుంది, కొండ దారిలో కారు మలుపులు తిరుగుతుంటే అంత నమ్మకం లేదు. పైగా ఎవరినీ రహస్యంగా వెంబడించకుండా ఉండటానికి, మీది కాని ట్యాగ్ మీతో ప్రయాణిస్తోందని అవతలి మనిషి ఫోన్‌కే హెచ్చరిక వెళ్తుంది. అది చదివి దొంగ ట్యాగ్ పీకి పారేయొచ్చు. ఒకవేళ ఇంటి అడ్రస్ దాకా జాడ దొరికినా దయచేసి మీరు వెళ్లి తలుపు కొట్టకండి, పోయింది బోర్డు మాత్రమే. ఆ మ్యాప్ పోలీసులకి చూపించండి.

“పోలీసులు టైమ్ వేస్ట్.” వాషింగ్టన్‌లో 750 డాలర్లు దాటిన దొంగతనం ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. కాలిఫోర్నియాలో 950 దాటితే గ్రాండ్ థెఫ్ట్, అంటే పెద్ద దొంగతనం. కొలరాడోలో 2,000 నుంచి ఫెలనీ. మంచి స్కీలకి బైండింగ్ కలిపితే వాషింగ్టన్ గీత సులువుగా దాటుతుంది, కాబట్టి చిన్న విషయంలే అని మనకి మనమే అనుకోనక్కర్లేదు. ఎవరికి చెప్పాలన్నది మాత్రం ముందే చూసుకోండి, ఎందుకంటే స్నోక్వాల్మీ పాస్ కింగ్, కిటిటాస్ కౌంటీల సరిహద్దులో ఉంది, టాహో సరస్సు దగ్గర హెవెన్లీ రిసార్టు అయితే సగం కాలిఫోర్నియా, సగం నెవాడా. పోయిన చోటు ఏ కౌంటీలోకి వస్తుందో రిసార్టువాళ్లనే అడగండి, వాళ్ల దగ్గర కూడా ఫిర్యాదు రాయించండి.

రిపోర్టు పనికిరావాలంటే అందులో సీరియల్ నంబర్ ఉండాలి. వాషింగ్టన్‌లో తాకట్టు షాపులు తమ దగ్గరికి వచ్చిన వస్తువుల వివరాలు రాసిపెట్టి, పోలీసులు అడిగితే చూపించాలని చట్టం ఉంది, కానీ నంబరు లేకపోతే ‘నల్ల బోర్డు, ఆకుపచ్చ గీత’ అన్న వర్ణనతో ఏం పోల్చుకుంటారు? స్కీలకి సాధారణంగా పక్క అంచు మీద బైండింగ్ దగ్గర చెక్కి ఉంటుంది, బోర్డులకి ముద్రో స్టిక్కరో ఉంటుంది. ఫొటో తీయండి, రసీదు పక్కనే దాచండి. స్టిక్కర్ ఊడిపోయేదే కాబట్టి, బైండింగ్ విప్పినప్పుడు దాని పలక కింద పడే చోట పర్మనెంట్ మార్కర్‌తో మీ ఇనీషియల్స్ రాసి మళ్లీ బిగించండి, దొంగకి అక్కడ చూడాలన్న ఆలోచన రాదు. పాత సామాను ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా ఆ నంబరు ఫొటో అడగండి, ఇవ్వడానికి నసిగితే వదిలేయండి.

ఆ రోజు ఫోన్‌లో నా ఫిర్యాదు రాసుకున్నావిడ అడిగిన మొదటి ప్రశ్న అదే, సీరియల్ నంబర్ ఎంత అని. బోర్డుతో నేను దిగిన ఫొటోలు నా దగ్గర యాభై దాకా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ నంబరు కనబడలేదు.