రుబ్బురోలు మైలేజీ

(బెంగళూరు, ఔటర్ రింగ్ రోడ్డు. శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మెట్రో పిల్లర్ల పక్కన కదలని వరసలో 2012 నాటి స్విఫ్ట్ డీజిల్ బండి. స్టీరింగ్ దగ్గర బావ, పక్కన అక్క, వెనక సీట్లో నేను. నాకు ఇందులో డైలాగుల్లేవు. ఉన్నా చెప్పనిచ్చేవాళ్లు కాదు.)

అక్క: ఏమండీ, ఏసీ ఎందుకు ఆపేశారు?

బావ: మైలేజీ పదమూడుకు పడిపోయింది. ఇరవై ఇచ్చే బండి ఇది!

అక్క: ఎప్పుడిచ్చింది ఇరవై?

బావ: కొన్న కొత్తలో. చింతామణి రోడ్డులో.

అక్క: ఖాళీ రోడ్డులో ఏ బండైనా ఇస్తుంది. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇమ్మనండి. గంటలో మూడు కిలోమీటర్లు వచ్చాం. నిలబెట్టి డీజిల్ తాగిస్తూ ఏసీని ఆడిపోసుకుంటే ఏం లాభం?

బావ: (అద్దం దించి) చూడు, గాలి ఎంత బాగా వస్తోందో.

అక్క: అది గాలి కాదు, ముందున్న వాటర్ ట్యాంకర్ పొగ.

(మారతహళ్లి బ్రిడ్జి ఎక్కాం. దిగుడు రాగానే బావ చెయ్యి గేరు మీదికి పోయింది.)

అక్క: న్యూట్రలా?

బావ: దిగుడులో డీజిల్ ఖర్చుండదు. మా నాన్న అంబాసిడర్‌ని ఇట్లాగే...

అక్క: మామయ్యగారి అంబాసిడర్‌కి కంప్యూటర్ లేదు. దీనికుంది. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజెక్టర్లకి డీజిల్ ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా డీజిల్ పోస్తూనే ఉండాలి. పైగా భారమంతా బ్రేకుల మీదే.

బావ: ఎవరు చెప్పారు నీకు?

అక్క: డ్రైవింగ్ స్కూల్లో. మీరు నేర్పిస్తా నేర్పిస్తా అని రెండేళ్లు ఊరించాక డబ్బు కట్టి చేరాను కదా, అక్కడ.

(గేరు మళ్లీ పడింది. కాస్త గట్టిగానే.)

బావ: అసలు సంగతి అది కాదు. బండిలో బరువెక్కువైంది.

అక్క: ఎవరి బరువు?

(నేను కిటికీలోంచి ఒక దర్శిని హోటల్ బోర్డు శ్రద్ధగా చదువుకున్నాను. కన్నడం నాకు రాదు.)

బావ: జనరల్‌గా అన్నా.

అక్క: నా వైపు తిరిగి జనరల్‌గా అన్నారు.

(ముందు ఆటో ఆగింది. సడన్ బ్రేకు. డిక్కీలో ‘గుడగుడగుడ... ధడ్!’)

బావ: విన్నావా? ఆ చప్పుడు ఇంకా పోలేదు! మెకానిక్ సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లు మార్చాడు, మూడున్నర వేలు తీసుకున్నాడు.

అక్క: బుష్‌లేంటి? అది పొత్రం.

బావ: ఏ పొత్రం?

అక్క: “మిక్సీ పచ్చడి మా వానికి పడదు” అని మీ అమ్మగారు సంక్రాంతికి మదనపల్లెలో ఎక్కించిన రుబ్బురోలుది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రేపు మోస్తానన్నారు. ఇప్పుడు ఏ నెల?

బావ: (నెమ్మదిగా) ఆగస్టు. (హుషారుగా) అయితే దొరికాడు దొంగ! నలభై కిలోలుంటుంది!

అక్క: నలభై కిలోలకే అంత పడిపోదు లెండి. టైర్లలో గాలి ఎప్పుడు చూశారు?

బావ: రోజూ చూస్తా.

అక్క: కంటితోనా? పొద్దున బంకులో నేను చెక్ చేయించా. వెనక ఎడమది ఇరవై రెండే ఉంది. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసుందో ఇన్నేళ్లలో ఒక్కసారైనా చదివారా?

బావ: స్టిక్కర్ ఉందా?

అక్క: (కాసేపు ఏమీ అనలేదు) సరే, ఆ పదమూడు లెక్క ఎలా వచ్చింది?

బావ: ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు. 390 కిలోమీటర్లు, 30 లీటర్లు.

అక్క: మొదటిసారి ఎలా నింపారు?

బావ: గన్ టక్కుమని ఆగేదాకా.

అక్క: రెండోసారీ అంతేనా?

బావ: అప్పుడు ఊరికి పోతున్నాం కదా. ఆంధ్రాలో డీజిల్ ఇక్కడికంటే ఎక్కువ. అందుకని టక్కుమన్నాక కూడా బండి ఊపి ఊపి, మెడదాకా ఇంకో మూడు లీటర్లు పోయించా.

అక్క: ఆ మూడూ ట్యాంకులో భద్రంగా ఉంటే, బండి తాగేసిందని రాశారా? తీసేసి మళ్లీ లెక్కేయండి.

(సిగ్నల్ పడింది. బావ ఫోను తీశాడు.)

బావ: 390 బై 27... పద్నాలుగు పాయింట్ నాలుగు. పెరిగింది! చూశావా, ఏసీ ఆపితే ఎంత తేడానో!

(అక్క ఏసీ వేసింది. అద్దాలు ఎక్కించింది. తర్వాత, ఊరి నుంచి వచ్చిన ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి, ప్రేమగా నా వైపు తిరిగింది.)

అక్క: ఒరేయ్ తమ్ముడూ, నీ నడుం నొప్పి తగ్గిందా?