డాలర్ డాట్ అజాక్స్ గారికి ఒక పాత ఖాతాదారు రాయునది

మహారాజశ్రీ జేక్వెరీ వారి అజాక్స్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమమే. అక్కడ మీ క్షేమం సంగతి సర్వర్ నుంచి జవాబొస్తే గానీ తెలియదు.

వెబ్ పేజీలు రాసేవాళ్ల జావాస్క్రిప్ట్ సామాను పెట్టె జేక్వెరీ. అందులో పేజీ మళ్లీ తెరవకుండానే సర్వర్ దగ్గరికెళ్లి డేటా తెచ్చిపెట్టేది మీరు. మిమ్మల్ని జేక్వెరీ 1.4 వెర్షన్ రోజుల నుంచి ఎరుగుదును. అప్పట్లో మీ పద్ధతి ఎలా ఉండేదంటే, టిఫిన్ సెంటర్లో మసాలా దోసె చెప్పేటప్పుడే "దోసె వస్తే ఫలానా వాణ్ని పిలవండి, మాడితే ఫలానా వాడికి చెప్పండి" అని అంతా కౌంటర్ దగ్గరే అప్పజెప్పాలి. కూర్చున్నాక ఇంకొకరు గుర్తొచ్చి "వాళ్లకీ ఒక కబురు" అంటే వినేవారు కాదు. దోసె తిన్నాకే కాఫీ కావాలంటే, ఆ కాఫీ ఆర్డరును దోసె ఆర్డరు కడుపులో రాయాలి. లాగిన్ అయితే ఖాతా వివరాలు, అవి వస్తే ఆర్డర్లు, అవి వస్తే బిల్లు. పని అయితే పిలవమని అప్పజెప్పే ఫంక్షన్ పేరు సక్సెస్. ఒక సక్సెస్ లోపల ఇంకో సక్సెస్. కోడ్ ఎడమ అంచున బయల్దేరి స్క్రీన్ కుడి గోడకు వెళ్లి ఆనుకునేది. చివర్లో మూసే బ్రాకెట్లు గుమ్మానికి కట్టిన మామిడాకుల్లా వరసగా వేలాడేవి. వాటిలో ఒక్కటి తక్కువైతే ఆ పూట భోజనం లేదు.

2011 జనవరి 31న 1.5 వచ్చింది. జూలియన్ ఓబూర్ మిమ్మల్ని అడుగు నుంచి తిరగరాశారు. ఇకమీదట పని చెప్పగానే చేతిలో టోకెన్ పెడతామన్నారు. అంతకుముందు బ్రౌజర్ సొంత వస్తువునే ఉన్నదున్నట్టు చేతికిచ్చేవారు. పరాయి సైటు నుంచి డేటా తెచ్చుకునే జేసన్‌పీ పద్ధతిలో తెమ్మంటే అదీ లేదు, వట్టి చెయ్యే. టోకెన్ మాత్రం గొప్ప సంగతి, ఒప్పుకుంటున్నాను. దాన్ని ఇంకో ఫంక్షన్ చేతికి ఇవ్వొచ్చు. రెండు టోకెన్లు కలిపి "రెండూ వచ్చాకే పిలవండి" అనొచ్చు. దోసె ఎప్పుడో వచ్చేసినా సరే, ఆలస్యంగా వచ్చి అడిగినవాడికీ అందుతుంది. అంతా బాగుంది గానీ, ఈ పద్ధతికి డిఫర్డ్ అని పేరెవరు పెట్టారండీ? తెలుగులో వాయిదా. పొలం గట్టు కేసు మీద ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగిన కుటుంబం మాది. ఆ మాట వినగానే చెమటలు పట్టాయి.

టోకెన్ అందించే వరస ఇంకా చిత్రం. పని అయితే పిలిచే డన్‌కి మొదట డేటా, చివర టోకెన్. పని చెడితే పిలిచే ఫెయిల్‌కి మొదట టోకెన్, చివర తప్పు పేరు. తర్వాత 1.6లో వచ్చిన, పని అయినా చెడినా పిలిచే ఆల్వేస్‌కైతే మొదట డేటానో టోకెనో, చివర టోకెనో తప్పో, వాడి అదృష్టం. పీటల మీద కూర్చున్నది పెళ్లికొడుకో పురోహితుడో ముహూర్తం దాకా తెలియని పెళ్లి ఇది.

పేర్ల సంగతీ అంతే. పని చెప్పేటప్పుడు ఇచ్చే ఆప్షన్ల లోపల సక్సెస్, టోకెన్ మీద సక్సెస్, పక్కనే డన్. 1.8లో టోకెన్ మీది సక్సెస్ వాడొద్దన్నారు. మేం వింటామా? 2016లో 3.0 వచ్చి దాన్ని పీకేసింది. లోపలి సక్సెస్ మాత్రం కదలలేదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో వెర్షన్ మార్చిన రోజు సగం పేజీలు "సక్సెస్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని ఎర్రగా అరిచాయి. మేనేజర్ దాన్ని తన గురించే అనుకున్నారు.

ఇక మాట ఇవ్వడం దగ్గరికొద్దాం. ప్రామిస్ అన్నారు. "ఇది అయ్యాక అది చెయ్యి" అని చెప్పే దెన్ అన్న ఒక్క ముక్కకు 1.5లో ఒక అర్థం, 1.8లో ఇంకో అర్థం, 3.0లో మరో అర్థం. 3.0 ముందు దాకా దెన్ లోపల నా ఫంక్షన్ తప్పు విసిరితే ఫెయిల్‌కి కబురు వెళ్లేదే కాదు. లోడింగ్ చక్రం గిరగిరా తిరుగుతూనే ఉండేది, కస్టమర్ ఫోన్ చేస్తూనే ఉండేవాడు. అది సరిచేయడానికి మీకు ఐదేళ్లు పట్టింది. డన్ లోపల విసిరితే ఇప్పటికీ పాత కథే.

అన్నట్టు, మీ పేరులో మొదటి అక్షరమే అసింక్రనస్, అంటే జవాబు కోసం మిగతా పని ఆపకపోవడం. అయినా "అసింక్ ఫాల్స్" అని దొడ్డిదారి ఒకటి తెరిచిపెట్టారు. ఆ దారిన వెళ్లిన పేజీ జవాబు వచ్చేదాకా బిగుసుకుపోయేది. శాకాహార హోటల్లో వెనక గదిలో కోడి పులుసు వండినట్టు.

మీ తర్వాత అదే పనికి బ్రౌజర్ సొంతంగా పెట్టుకున్న ఫెచ్ అనే కుర్రాడొచ్చాడు. చురుకైనవాడే. కానీ సర్వర్ 404, అంటే అడిగింది ఇక్కడ లేదు, అని తలుపేసినా "వెళ్లొచ్చానండీ, పనయింది" అని నవ్వుతూ నిలబడతాడు. ఆ మొహం చూసినప్పుడల్లా మీరే గుర్తొస్తారు. 404 అంటే మీరు కనీసం ఫెయిల్‌ని లేపేవారు.

జవాబు రాయండి. మీలాగే నేనూ టైమ్‌అవుట్ ఏమీ పెట్టలేదు. కవరు మీద మాత్రం ఒక్క ముక్క రాయండి, లోపల మొదటి కాగితం ఉత్తరమా, టోకెనా అని.

ఇట్లు,
పెండింగ్‌లో ఉన్న మీ ఖాతాదారు