సోడోర్ బిషప్ కార్టూన్ బిషప్ కాదు

ఇంట్లో చిన్నపిల్లలుంటే థామస్ రైలింజన్ కార్టూన్ చూసే ఉంటారు. అందులోని దీవి పేరు సోడోర్. దాన్ని పట్టుకుని ఒక మెసేజ్ తెగ షేర్ అవుతోంది. సారాంశం ఇది: "లేని దీవికి బ్రిటన్‌లో ఒక బిషప్ ఉన్నాడు. ఆయన లండన్ ప్రభువుల సభలో (బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ) కూర్చుని ఓటేస్తాడు. అక్కడి జనం భాషను చంపింది ఈ బిషప్‌లే. అసలది ఉత్త అలంకార పదవి." ఓటూ వేస్తాడట, అలంకారమూనట! ఆ రెండూ ఎలా పొసుగుతాయో రాసినవాళ్లకే తెలియాలి.

ముందు పేరు సంగతి. పూర్తి హోదా 'సోడోర్ అండ్ మ్యాన్ బిషప్'. మ్యాన్ అంటే ఇంగ్లండ్‌కీ ఐర్లాండ్‌కీ మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్. సోడోర్ అన్నది పాత నార్స్ భాషలో 'దక్షిణ దీవులు' అనే మాట అరిగి అరిగి మిగిలిన రూపం. ఆ భాష మాట్లాడిన సముద్ర యోధులు వైకింగ్‌లకు, స్కాట్లాండ్ పైనున్న ఆర్క్‌నీ, షెట్లాండ్‌లు ఉత్తర దీవులు. వాటికి దిగువన స్కాట్లాండ్ పడమటి తీరంలో ఉన్న హెబ్రిడీస్, మ్యాన్‌తో కలిపి, దక్షిణ దీవులు. 1154లో ఈ డయాసిస్‌ను, అంటే బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతాన్ని, నార్వేలోని నిడారోస్, అంటే ఇప్పటి ట్రాండ్‌హైమ్, ఆర్చిబిషప్ కింద చేర్చారు. 1266లో నార్వే ఆ దీవులను స్కాట్లాండ్‌కు వదులుకుంది. తర్వాత హెబ్రిడీస్ వేరుపడ్డాయి. ఊరు వదిలేసినా ఇంటిపేరు మిగిలినట్టు, బిషప్ హోదాలో సోడోర్ ఉండిపోయింది. రైలింజన్ కథలు రాసిన రెవరెండ్ ఆడ్రీ 1950లో ఐల్ ఆఫ్ మ్యాన్ వెళ్లి, మ్యాన్ కనబడింది గానీ సోడోర్ ఏదీ అనుకుని, ఆ పేరుతో ఒక దీవిని ఊహించుకున్నాడు. ఈ బిషప్‌లాగే ఆయనా ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి, పాస్టరే. బిషప్ హోదా ముందు, కార్టూన్ దీవి ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత.

ప్రభువుల సభ మాట పూర్తిగా తప్పు. ఐల్ ఆఫ్ మ్యాన్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమే కాదు. రాజు ఒకరే గానీ ప్రభుత్వం, చట్టాలు వేరు. ఇంగ్లండ్ చర్చి బిషప్‌లలో 26 మందికి ప్రభువుల సభలో చోటుంది, సోడోర్ బిషప్‌కు లేదు. తరతరాలుగా వస్తున్న చోటు దీవి సొంత పార్లమెంటు టిన్‌వాల్డ్‌లో, దాని ఎగువ సభ అయిన లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో. ఎన్నిక కాని మతాధికారికి ఓటెందుకు అని అక్కడి వాళ్లే అడుగుతున్నారు, అది దిగువ సభ హౌస్ ఆఫ్ కీస్‌లో చర్చకూ వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. మెసేజ్ రాసినవాళ్లు దాన్ని వదిలేసి లండన్ వెళ్లిపోయారు.

భాష విషయంలో కొంత నిజం ఉంది. చర్చి బడుల్లో ఇంగ్లిష్ చదువు నడిచింది, దాన్ని కాదనను. కానీ దీవి సొంత భాష మ్యాంక్స్‌లో మొదటి అచ్చు పుస్తకం 1707లో బిషప్ థామస్ విల్సన్ తెచ్చిందే. తర్వాతి బిషప్ హిల్డెస్లీ బైబిల్ మొత్తాన్ని మ్యాంక్స్‌లోకి అనువదింపజేశాడు. రాతప్రతిని అచ్చుకు తీసుకెళుతుంటే ఓడ మునిగింది. అనువాదకుల్లో ఒకడైన జాన్ కెల్లీ దాన్ని నీళ్లకు పైన అయిదు గంటలు ఎత్తిపట్టుకుని కాపాడాడని చెబుతారు. ఆ భాషను పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి 1974లో పోయాడు. ఇప్పుడు దాన్ని మళ్లీ నేర్చుకుంటున్నవాళ్లకు ఆ బైబిల్ పెద్ద ఆధారం.

ఇక ఉత్త అలంకార పదవి అన్న మాట. అదే నిజమైతే దానికోసం బిషప్ జైలుకెళ్లేవాడు కాదు. విల్సన్ 1698 నుంచి 1755 దాకా, 57 ఏళ్లు బిషప్. దీవి గవర్నర్ భార్య ఇంకొక స్త్రీ మీద నింద వేసిందని చర్చి కోర్టు తేల్చింది. ఆమె పశ్చాత్తాపం ప్రకటించనంది, దాంతో ప్రభురాత్రి భోజనానికి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, రానివ్వలేదు. బిషప్ కింది మతాధికారి అయిన ఆర్చ్‌డీకన్ మాత్రం ఆమెకు అది ఇచ్చాడు. విల్సన్ అతణ్ని సస్పెండ్ చేశాడు. గవర్నరేమో విల్సన్‌కు 50 పౌండ్ల జరిమానా వేశాడు. కట్టనన్నాడు. 1722లో తొమ్మిది వారాలు కాజిల్ రషెన్ కోటలో జైల్లో పెట్టారు. ఆ చెమ్మకు కుడిచేతి వేళ్లు పట్టు తప్పి, తర్వాత కలాన్ని పిడికిటితో పట్టుకుని రాయాల్సి వచ్చింది. 1724లో లండన్‌లో రాజు సలహామండలి (ప్రివీ కౌన్సిల్) ఆయన పక్షానే తీర్పిచ్చింది.

అన్నట్టు, మెసేజ్‌లో బిషప్‌ను 'ఆయన' అన్నారు. 2024లో ఆ పదవికి వచ్చింది ట్రిషియా హిల్లస్, అక్కడ మొదటి మహిళా బిషప్.