హ్యాండ్‌హెల్డ్ పీసీల మీద తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

పోయిన వారం మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టి, నన్ను ట్యాగ్ చేసి "ఇది నిజమేనా? నువ్వు వాడుతున్నావు కదా, చెప్పు" అని అడిగాడు. మా మేనల్లుడు కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండి బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు. సెలవుల్లో పనిచేసి కొంత డబ్బు దాచుకున్నాడు, దాంతో హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీ, అంటే రెండు చేతుల్లో పట్టుకుని గేములాడే చిన్న కంప్యూటర్, కొనుక్కుంటానంటున్నాడు. అంతలో ఈ మెసేజ్ వచ్చి పడింది. తర్వాత రెండు రోజుల్లో ఆఫీసు గ్రూపులోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అదే కనిపించింది.

అందులో ఉన్నది ఇదీ: "హ్యాండ్‌హెల్డ్ పీసీలు శుద్ధ మోసం. బ్యాటరీ గంట కూడా రాదు. అసలైన పీసీ గేములు వాటిలో నడవవు. అదే డబ్బుకి గేమింగ్ ల్యాప్‌టాప్ వస్తుంది. పీసీ గేమ్ అంటే టేబుల్ ముందు కూర్చుని ఆడేది, మెట్రోలో ఆడేది కాదు. ఇండియాలో వారంటీ లేదు. పిల్లలు గేమింగ్‌కి బానిసలై డబ్బులు పోగొట్టుకుంటారు."

రెండేళ్లకి పైగా స్టీమ్ డెక్ అనే హ్యాండ్‌హెల్డ్ వాడుతున్నాను. ఈ మాటల్లో రెండు సగం నిజం, మిగతావి తప్పు. బావకి ఫోన్లో చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు బ్యాటరీ సంగతి. అందరినీ ఎక్కువ భయపెడుతున్నది ఇదే. ఆ "గంట" లెక్క ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2023లో వచ్చిన మొదటి ఏసుస్ ఆర్‌ఓజీ ఆలై అనే హ్యాండ్‌హెల్డ్‌లో బ్యాటరీ 40 వాట్-అవర్లు, అంటే 40 వాట్లు తినే మెషీన్‌ని గంటసేపు నడిపేంత. పూర్తి వేగంతో నడిపే టర్బో మోడ్‌లో పెడితే చిప్ ఒక్కటే 25 వాట్లు తీసుకుంటుంది. స్క్రీన్, ఫ్యాన్, వైఫై కలుపుకుంటే 35 దాకా పోతుంది. 40ని 35తో భాగించండి, గంట మీద కొన్ని నిమిషాలు వస్తుంది. అంటే ఒక మెషీన్‌ని, ఒక మోడ్‌లో, ఒక బరువైన గేమ్‌తో చూసి, ఆ లెక్కని అన్నిటికీ అంటగట్టారు. అదే కంపెనీ 2024లో తెచ్చిన ఆలై ఎక్స్‌లో బ్యాటరీ సరిగ్గా రెట్టింపు, 80 వాట్-అవర్లు.

స్టీమ్ డెక్‌లో చిప్ 15 వాట్లు దాటదు. నాది 2023 నవంబర్‌లో వచ్చిన ఓలెడ్ మోడల్, 50 వాట్-అవర్ల బ్యాటరీ. దీన్ని తయారుచేసే వాల్వ్ 3 నుంచి 12 గంటలు వస్తుందని చెబుతుంది. 12 గంటలు నేను ఎప్పుడూ చూడలేదు. సైబర్‌పంక్ లాంటి పెద్ద గేమ్‌ని ఏమీ మార్చకుండా ఆడితే రెండుంబావు గంటల్లో ఎర్ర గీత వస్తుంది. పొలం పనులు చేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి చిన్న గేమ్ ఆరు గంటలు సునాయాసంగా నడుస్తుంది. రోజూ పొద్దున, సాయంత్రం గంట గంట ఆడేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

పైగా బ్యాటరీ ఎంత ఖర్చవ్వాలో నిర్ణయించేది మనమే. నేను పెద్ద గేములన్నిటినీ సెకనుకి 40 ఫ్రేముల దగ్గర, అంటే స్క్రీన్ మీద సెకనుకి 40 బొమ్మలు మారేలా, ఆపేస్తాను. వినడానికి తక్కువ అనిపిస్తుంది కానీ లెక్క చూడండి. 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు, 60 అయితే దాదాపు 17. ఆ రెంటికీ నట్టనడుమ ఉన్నది 25, అంటే 40 ఫ్రేములు. 30 నుంచి పది ఫ్రేములే పెరిగినా, చేతికి తెలిసే హాయి మాత్రం సగం దూరం వచ్చేస్తుంది. చిప్ మీద భారం తగ్గి, ఫ్యాన్ చప్పుడు తగ్గి, బ్యాటరీ ఇంకో ముప్పావు గంట అదనంగా వస్తుంది. ఈ సెట్టింగ్ మార్చడానికి గేమ్‌లోంచి బయటికి రానక్కర్లేదు. కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కితే చాలు.

ఊరికి వెళ్లేటప్పుడు పవర్ బ్యాంక్ పెట్టుకుంటాను. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఫోన్ కోసం కొన్న 18 వాట్ల పవర్ బ్యాంక్ తగిలించి, ఆడుతుంటే ఛార్జ్ ఎక్కడం లేదని బాధపడతారు. ఎక్కదు మరి, మెషీన్ 20 వాట్లకి పైగా తింటుంటే అది ఇచ్చేది 18. టైప్-సి పోర్టులో 45 వాట్ల పవర్ డెలివరీ ఉన్నది తీసుకోవాలి. 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74 వాట్-అవర్లు, ఛార్జింగ్‌లో వృథా అయ్యేది పోగా డెక్‌ని ఒకసారి పూర్తిగా నింపుతుంది. సికింద్రాబాద్ నుంచి విజయవాడ దాకా రైల్లో సాకెట్ కోసం ఎవరినీ జరగమని అడగకుండా వెళ్లి వచ్చాను.

"అసలైన గేములు నడవవు" అన్నది శుద్ధ తప్పు. ఇవి ఫోన్లు కావు, ఏఎండీ రైజెన్ తరహా ప్రాసెసర్లున్న కంప్యూటర్లు. డెక్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. స్క్రీన్ 1280 బై 800, అంటే సుమారు పది లక్షల పిక్సెళ్లు. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి ఇరవై లక్షలు. గీయాల్సిన బొమ్మ సగానికి సగం చిన్నదైనప్పుడు చిన్న చిప్ సరిపోతుంది, ఏడంగుళాల స్క్రీన్ మీద ఆ తేడా కంటికి ఆనదు. ఎల్డెన్ రింగ్ ఆడాను, పూర్తి చేశాను. సైబర్‌పంక్‌లో స్టీమ్ డెక్ కోసమే విడిగా ఒక గ్రాఫిక్స్ సెట్టింగ్ పెట్టారు. బాల్డర్స్ గేట్ 3 తయారుచేసిన లారియన్ వాళ్లు 2025లో డెక్ కోసం ప్రత్యేకంగా ఒక వెర్షన్ ఇచ్చారు. ఇది ఫోన్‌కి జాయ్‌స్టిక్ తగిలించిన ఆటబొమ్మే అయితే దీని కోసం ఎవరూ ఇంత శ్రమ పడరు.

నడవనివీ ఉన్నాయి, అవి కొనేముందే తెలియాలి. డెక్‌లో ఉండేది విండోస్ కాదు, లైనక్స్ మీద కట్టిన స్టీమ్ ఓఎస్. విండోస్ గేములని అందులో నడిపించే ప్రోటాన్ అనే పొరని వాల్వ్ 2018లో తెచ్చింది. చాలావాటికి అది సరిపోతుంది. కానీ వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆన్‌లైన్ షూటర్లలో మోసాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఈ ఏర్పాటుని ఒప్పుకోదు. జీటీఏ ఆన్‌లైన్ 2024 సెప్టెంబర్ దాకా నడిచి, ఆ తర్వాత ఆగిపోయింది. మా మేనల్లుడిని మొదట అడిగిన ప్రశ్న ఇదే, "నువ్వు రోజూ ఆడేది వాలరెంటా?" అని. అవునంటే డెక్ వద్దనేవాణ్ణి, విండోస్‌తో వచ్చే ఆలై లాంటివి చూడమనేవాణ్ణి. వాడు కథ ఉన్న గేములు, క్రికెట్, రేసింగ్ అన్నాడు. వాల్వ్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్ స్టోర్‌లో గేమ్ పక్కనే అది డెక్‌లో ఎలా నడుస్తుందో రాసి ఉంటుంది, కొనేముందు ఆ ఒక్క ముక్క చూసుకుంటే టెన్షన్ లేదు.

ల్యాప్‌టాప్ మాట సగం నిజం. ఆలై 2023 జూలైలో ఇక్కడ 69,990 రూపాయలకి వచ్చింది. ఆ డబ్బుకి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ వస్తుంది, ప్లగ్‌లో పెట్టి ఆడితే ల్యాప్‌టాపే ఎక్కువ వేగంగా ఉంటుంది. చదువుకి కంప్యూటర్ లేని పిల్లాడైతే నేనూ ల్యాప్‌టాప్ కొనమనే చెబుతాను, అందులో రెండో మాట లేదు. కానీ మావాడికి కాలేజీ ల్యాప్‌టాప్ ఉంది. ఇప్పుడు ఇంకో రెండున్నర కిలోల ల్యాప్‌టాప్, దానికి ఇటుకంత ఛార్జర్ ఎందుకు? గేమింగ్ ల్యాప్‌టాప్‌ని ప్లగ్ తీసి ఒళ్లో పెట్టుకుని ఆడినవాళ్లకి తెలుసు, తొడలు కాలతాయి, వేగం పడిపోతుంది. డెక్ బరువు 640 గ్రాములు, ఆలై 608. వేరే వస్తువు, వేరే అవసరం.

ఇక టేబుల్ మాట. నాకు నిజంగా బాధ కలిగించింది ఇది. "పీసీ గేమ్ అంటే టేబుల్ ముందు కూర్చుని ఆడేది" అని రాసినాయనకి టేబుల్ ఉంది కాబోలు. ఈ ఊళ్లో ఎంతమందికి ఉంది? మా మేనల్లుడి హాస్టల్ గదిలో నాలుగు ఇనుప మంచాలు, ఒక్క ప్లగ్ బోర్డు. పుస్తకాలు మంచం కింద, బట్టలు తలగడ దగ్గర. అక్కడ మానిటర్ ఎక్కడ పెడతాడు? నా తరం వాళ్లం దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లలో గంటకి పదిహేను రూపాయలిచ్చి కౌంటర్ స్ట్రైక్ నేర్చుకున్నాం. ఆ టేబుల్ మాది కాదు, గంట అవగానే లేవాల్సిందే. నాకంటూ సొంత టేబుల్ వచ్చింది ఉద్యోగంలో చేరాక. మా అమ్మాయి పదో తరగతికి వచ్చేసరికి అది తనకి ఇచ్చేశాను, ఇవ్వాలి కూడా. డెస్క్‌టాప్ అటక ఎక్కింది. రెండేళ్లు నేను ఒక్క గేమ్ ఆడలేదు. డెక్ వచ్చాకే మళ్లీ మొదలుపెట్టాను.

నేను ఉండేది నాగోల్, ఆఫీసు రాయదుర్గం. మెట్రో బ్లూ లైన్‌కి ఇవి రెండు కొసలు. పొద్దునా, సాయంత్రం రెండు పూటలా మొదటి స్టేషన్లోనే ఎక్కుతాను కాబట్టి సీటు దొరుకుతుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి ఆడతాను, మెడ వంచనక్కర్లేదు. స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక రోజు గడవడానికి దాదాపు 14 నిమిషాలు పడుతుంది. నాగోల్‌లో రైలు కదిలేటప్పుడు అక్కడ తెల్లవారుతుంది. ఉప్పల్ దాటేలోపు మొక్కలకి నీళ్లు పోయడం అయిపోతుంది, తార్నాక దగ్గర చేపలు పడతాను, సికింద్రాబాద్ ఈస్ట్ వచ్చేసరికి అక్కడ రాత్రి, మనిషిని ఇంటికి చేర్చి పడుకోబెట్టాలి. అమీర్‌పేట్‌లో జనం ఒక్కసారిగా ఎక్కుతారు. అప్పుడు పైన ఉన్న పవర్ బటన్ ఒకసారి నొక్కి బ్యాగులో పెట్టేస్తాను. నిలబడ్డ పెద్దవాళ్లకి సీటిస్తాను. మళ్లీ సాయంత్రం అదే బటన్ నొక్కితే రెండు మూడు సెకన్లలో, గొడ్డలి ఎక్కడ ఎత్తి ఉందో అక్కడి నుంచే కదులుతుంది. సేవ్ చేశానా లేదా అన్న బెంగ లేదు. విండోస్ మీద నడిచే హ్యాండ్‌హెల్డ్‌లు ఈ నిద్ర విషయంలో ఇంత నమ్మకంగా ఉండవు, బ్యాగులోనే మేలుకుని వేడెక్కిన సందర్భాలున్నాయి. అది కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇంటిపని, ఉద్యోగం ఉన్నవాడికి మూడు గంటలు ఒకేసారి దొరకవు, ఇలాంటి ఇరవై నిమిషాలే దొరుకుతాయి. టేబుల్ ముందు ఆడితేనే ఆట అంటే నాలాంటివాళ్లు ఆడకూడదనే అర్థం. టేబుల్ కావాలన్న రోజున అదీ ఉంది. చిన్న యూఎస్‌బీ హబ్ ఒకటి తగిలించి హాల్లో టీవీకి కలుపుతాను, ఆదివారం మా అమ్మాయి, నేను ఇద్దరం ఆడతాం. ఒక లోపం మాత్రం ఒప్పుకోవాలి. మానిటర్ కోసం చేసిన గేముల్లో అక్షరాలు ఈ స్క్రీన్ మీద మరీ సన్నగా కనిపిస్తాయి, నలభై దాటిన కళ్లకి అది ఇబ్బందే.

వారంటీ గురించి మెసేజ్ చెప్పింది నిజం, కానీ స్టీమ్ డెక్ వరకే. దాన్ని వాల్వ్ మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. ఇక్కడ దొరికేవన్నీ దిగుమతి సరుకు, "షాపు వారంటీ" అంటే నోటిమాట. నాది ఏడో నెలలో ఎడమ జాయ్‌స్టిక్ తనంతట తానే పక్కకి జరగడం మొదలైంది. కొన్న షాపుకి వెళితే "మాకు పైనుంచి ఏమీ రాదు సార్" అని చేతులెత్తేశారు. చివరికి రెండు వేల చిల్లర పెట్టి, అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ తెప్పించి నేనే మార్చుకున్నాను. ఆ రాత్రి వెనక స్క్రూలు ఎనిమిదీ గిన్నెలో వేసి, చేతులు వణుకుతూ విప్పాను. మావాడిని ఆ దారిన వెళ్లమని చెప్పను. ఆలై లాంటివి మాత్రం ఇక్కడే బిల్లుతో, కంపెనీ వారంటీతో అమ్ముతారు. ఆ బిల్లు అవసరమే. మొదటి ఆలైలో వేడికి ఎస్‌డీ కార్డు రీడర్ సరిగా పనిచేయకపోవచ్చని ఏసుసే ఒప్పుకోవాల్సి వచ్చింది.

బానిసలై డబ్బులు పోగొట్టుకుంటారన్న భయం బావది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ ఆ మెసేజ్ రెండు వేరు వేరు విషయాలని ఒకే మాటతో కట్టేసింది. ఇళ్లు కూల్చింది పందెం యాప్‌లు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే చట్టం మార్చి నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. మావాడు కొనాలనుకునే గేముల్లో పందెం లేదు. రూపాయల్లో ధర చూసి, యూపీఐతో ఒకసారి డబ్బు కట్టి, యాభై గంటలు ఆడే కథలవి. ఎంతసేపు ఆడతాడన్నది వేరే సంగతి, చేతిలో ఫోన్ ఉన్నా ఆ ప్రశ్న అడగాల్సిందే.

బావకి ఇదంతా చెప్పి, మొన్న శనివారం నా డెక్‌ని మేనల్లుడికి ఇచ్చి పంపాను. రెండు వారాలు హాస్టల్లో ఆ మంచం మీద, ఆ ఒక్క ప్లగ్ బోర్డుతో వాడి చూడమన్నాను. చాలనిపిస్తే కంపెనీ బిల్లు ఇచ్చే షాపుకి ముగ్గురం కలిసి వెళతాం.