‘అది వాళ్లలో వాళ్ల రంగు పిచ్చే’ అనేవారికి

అమెరికా నల్లజాతి గురించి తరచూ చక్కర్లు కొట్టే మాట ఇది: ‘లేతచాయ వాళ్లను నెత్తిన పెట్టుకునేది నల్లవాళ్లే, తెల్లవాళ్లకు సంబంధం లేదు. బానిసకాలంలో లేతచాయ వాళ్లు సుఖంగా బతికారు. ఇప్పుడు మిగిలింది వట్టి అభిరుచి.’

సంబంధం లేకపోవడమేమిటి? తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని 1662లో వర్జీనియా చట్టం చేసింది. బానిస స్త్రీని యజమాని చెరిస్తే పుట్టిన బిడ్డ అతని ఆస్తిలో కలిసింది, వారసత్వంలో కాదు. 1850 జనగణనలో ‘నల్ల’, ‘ములాటో’ (తెల్ల–నల్ల మిశ్రమ సంతతి) అని విడివిడిగా రాసుకున్నది కూడా ప్రభుత్వమే.

‘సుఖంగా బతికారు’ అన్నది సగం నిజం. ఆ 1850 లెక్కల్లో స్వేచ్ఛ ఉన్న నల్లజాతి వాళ్లలో ములాటోలు 36 శాతం పైనే, బానిసల్లో 8 శాతం లోపే. చాయ కలిసొచ్చిందన్నమాట. అయితే తలలు లెక్కపెడితే స్వేచ్ఛ ఉన్న ములాటోలు సుమారు 1,59,000, బానిసలుగా ఉన్న ములాటోలు సుమారు 2,47,000.

నల్లవాళ్ల పాత్ర లేదని ఎవరూ అనరు. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో 1790లో పుట్టిన బ్రౌన్ ఫెలోషిప్ సొసైటీ లేతచాయ మగవాళ్లదే, శ్మశానం కూడా వేరే. 1843లో ముదురుచాయ వాళ్లు తమ సంఘం తాము పెట్టుకున్నారు.

ఇక అభిరుచి సంగతి. 1979–80లో 2,107 మంది నల్లజాతి పెద్దలను నల్లజాతి సర్వేయర్లే కలిసి, చాయను అయిదు మెట్లలో గుర్తించారు. తల్లిదండ్రుల స్థితి వల్ల వచ్చే తేడాను లెక్కలోంచి తీసేశాక కూడా ముదురుచాయ వాళ్లకు చదువు, ఉద్యోగ స్థాయి, ఆదాయం తక్కువే. ఆ తీసివేత ముఖ్యం. లేకపోతే ముత్తాతకు ముందే దొరికిన స్వేచ్ఛ, దాంతో వచ్చిన భూమి, బడి ఇవాళ్టి వివక్ష ఖాతాలో పడతాయి. చూసే కన్నూ ముఖ్యమే: తెల్ల సర్వేయర్లు నల్లజాతి వాళ్లను మరింత ముదురుగా రాస్తారు, వాళ్లలోని తేడాలు అంతగా పట్టుకోలేరు.

నార్త్ కరోలినాలో 1995–2009 మధ్య జైలుకెళ్లిన 12,158 మంది నల్లజాతి స్త్రీల రికార్డులు చూస్తే, నేరం, పాత కేసులు వంటివి సమానం చేశాక కూడా లేతచాయ వాళ్లకు శిక్ష సుమారు 12 శాతం తక్కువ. లేతచాయా కాదా అని రెండే గళ్లున్న మొరటు కొలత అది, అయినా తేడా తేలింది. జైలుశిక్షలో అభిరుచి ఏమిటి? (‘పిల్ల ఎర్రగా ఉండాలి’ అనే మన పెళ్లిచూపుల భాషకైతే ఆ మాట సరిపోతుందేమో!)

ఒకే జాతి వాళ్ల మధ్య వివక్ష చట్టానికి పట్టదనీ అంటారు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం ‘జాతి’ని, ‘రంగు’ను విడిగా పేర్కొంది. జార్జియాలో ముదురుచాయ ఉద్యోగిని లేతచాయ నల్లజాతి మేనేజరు వేధించాడన్న కేసులో ఒక రెస్టారెంటు 2003లో 40,000 డాలర్లకు రాజీపడింది. అదే రాష్ట్రంలో 1989లో లేతచాయ ఉద్యోగిని తన ముదురుచాయ అధికారిపై వేసిన దావానూ ఫెడరల్ కోర్టు రంగు వివక్ష కింద విచారణకు తీసుకుంది. అమెరికాలో పనిచేసే తెలుగువాళ్లకూ ఇదే చట్టం. ఉద్యోగ వివక్షను చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేయడానికి గడువు వివక్ష జరిగిన నాటి నుంచి 180 రోజులు, అలాంటి రాష్ట్ర సంస్థ ఉన్నచోట 300. పత్రంలో జాతికి, రంగుకు వేర్వేరు గళ్లుంటాయి. రంగు ఊసే ఎత్తకుండా జాతి గడిలో మాత్రం టిక్కు పెడితే, రంగు వాదన తర్వాత కోర్టులో నిలవకపోవచ్చు.